మిరప పల్లెల సర్పంచ్‌లకు ఉరుకుంద నుంచి

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో మిరప పండించే పల్లెల సర్పంచ్ గార్లకు,

కర్నూలు జిల్లా పడమటి అంచున, కౌతాళం మండలంలోని ఉరుకుంద నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈరన్నస్వామి గుడి వల్ల మా ఊరి పేరు మీ చెవిన పడే ఉంటుంది. పడకపోయినా మా మనుషుల్ని మీరు చూసే ఉంటారు. సంక్రాంతి దాటగానే మీ ఊరి చివర, చెరువుగట్టు కిందో, తుమ్మచెట్ల మధ్యో, ఎవరిదో ఖాళీ దొడ్లోనో పట్టాలు కప్పిన గుడారాలు లేస్తాయి కదా, వాటిలో ఉండేది మేమే. కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, ఇటు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల వాళ్లం. మీ దగ్గర మమ్మల్ని కర్నూలోళ్లు అంటారు. మా దగ్గర ఈ వలసను సుగ్గికి పోవడం అంటారు. దీపావళి నుంచి పత్తి తీతకు కొందరు, సంక్రాంతి తర్వాత మిరపకోతకు చాలామంది, ఇంటికి తాళం వేసి బయలుదేరతాం. ఉగాదికో శ్రీరామనవమికో తిరిగొస్తాం.

కూలి రేట్ల సంగతి ఇందులో రాయను. అది రైతుకూ మా కూలీల గుంపు మేస్త్రికీ మధ్య తేలాల్సిన లెక్క. నేను రాయదలుచుకున్నది పక్కపక్కన బతకడం గురించి. ఆ మూడు నెలలూ మీరు మాకు ఇరుగుపొరుగు, మేం మీకు ఇరుగుపొరుగు. అయితే ఈ పొరుగు ఏటా కొత్తగా మొదలవుతుంది. ఒకరి మొహం ఒకరికి అలవాటయ్యే లోపే కోత అయిపోతుంది. మరుసటి ఏడు ఇంకో ఊరు, ఇంకో చెరువుగట్టు. ఆ అలవాటు పడే రోజులన్నీ ఊరి కళ్లు మా మీదే ఉంటాయి.

అమ్మానాయిన సుగ్గికి వస్తుంటే లారీలో మూటల మీద కూర్చొని వాళ్ల వెంట వచ్చిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. తర్వాత ఆదోనిలో చదువుకొని ఊళ్లో జిరాక్సు అంగడి పెట్టుకున్నాను. శ్రావణంలో నా గిరాకీ భక్తులతో, పుష్యమాసంలో సుగ్గికి పోయేవాళ్లతో. బయలుదేరే ముందు ఇంటిల్లిపాదివీ ఆధార్ కార్డులు తెచ్చి తలా రెండు మూడు కాపీలు తీయించుకుంటారు. "ఇన్ని యాలప్పా?" అని అడిగితే, "యాడన్నా పట్టుకుంటే చూపియ్యాల కదప్పా" అంటారు. మిరపకాయలు కోయడానికి పోయే మనిషికి, ఎవరో తనను పట్టుకుంటారన్న ఆలోచన ఊళ్లో ఉండగానే ఎందుకొస్తుందో ఒక్కసారి మీరు ఆలోచించాలి. ఆ మాట అంగట్లో మళ్లీ మళ్లీ విన్నాకే మీకు రాయాలనిపించింది.

గుడారం వేసిన మొదటి వారం ఎట్లా ఉంటుందో చెబుతాను. పొద్దున్నే ఆడవాళ్లు బిందెలు తీసుకొని ఊరి కొళాయి దగ్గరికి పోతారు. అక్కడ అప్పటిదాకా సాగుతున్న మాటలు ఆగిపోతాయి. వీళ్ల వంతు ఎప్పుడో ఎవరూ చెప్పరు. ఊరివాళ్ల బిందెలన్నీ నిండాక ఇంకా నీళ్లొస్తుంటే పట్టుకోవాలి. చిల్లర కొట్టులో సరుకు చేతికివ్వక ముందే డబ్బు అడుగుతారు. పిల్లోడు ఎవరింటి ముందైనా ఆగి టీవీ వైపు తొంగి చూస్తే లోపలి నుంచి తలుపు దగ్గరగా వేస్తారు. రాత్రి అన్నాలు తిన్నాక ఊరి కుర్రాళ్లు బండ్ల మీద గుడారాల చుట్టూ ఒక చుట్టు తిరిగి, సెల్‌ఫోను లైటు లోపలికి కొట్టి పోతారు. పట్టాకు తలుపు ఉండదు. రోజంతా వంగి కోసి అప్పుడే నడుం వాల్చిన ఆడమనిషి ఆ వెలుతురుకు ఉలిక్కిపడి లేచి పైట సర్దుకుంటుంది.

మిరపకోత ఎంత కష్టమో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. కానీ సాయంత్రం గుడారంలో ఏం జరుగుతుందో మీలో చాలామంది చూసి ఉండరు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతుల మంట పోదు. చంటిబిడ్డ ఏడుస్తుంటే తల్లి వేళ్లతో కళ్లు తుడవలేదు. మణికట్టు వెనక పక్కతో తుడుస్తుంది, లేదంటే కోతకు రాని అవ్వ చేతికి బిడ్డను ఇస్తుంది. అట్లాంటి పూట ఆ గుడారంలోకి ఎవరో లైటు కొడితే ఎట్లా ఉంటుందో మీ ఇంటి ఆడవాళ్లను అడగండి.

మీ చూపుకు కారణం లేదని నేను అనను. మిరపకు అయ్యేంత పెట్టుబడి పత్తికీ కాదు, వరికీ కాదు. నారు, ఎరువులు, మందులు, కౌలు, కూలి, అన్నీ అప్పులే. ఆ అప్పంతా ఎర్రగా పండి కల్లంలో ఆరుబయట రోజుల తరబడి ఎండుతుంది. తాళం వేసుకోవడానికి వీల్లేని ఆస్తి అది. రాత్రి మంచుకు పట్టా కప్పాలి, పొద్దున తీయాలి, రైతు మంచం అక్కడే వేసుకోవాలి. 2021-22లో నల్లతామర పురుగు పడి చేలకు చేలు మాడిపోయినప్పుడు రైతులు పడ్డ బాధ మాకు తెలుసు. చేనుకు కాయ లేకపోతే మాకు కూలీ లేదు. 2025లో కాయ బాగా వచ్చినా ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. ఇట్లా ఏటికేడు దెబ్బ తింటున్న రైతు తన కల్లం చుట్టూ తిరిగే కొత్త మనిషిని నమ్మకంగా చూడలేడు. మా వైపు కూడా తుంగభద్ర నీళ్లు అందిన చోట మిరప వేస్తారు, బ్యాడిగి మార్కెట్టుకు తోలతారు. కల్లం కాపలా మాకు తెలియనిది కాదు.

ఆ నీళ్లు అందిన చోట అన్నాను కదా, మేం ఎందుకొస్తామో చెప్పడానికి ఆ ఒక్కమాట చాలు. తుంగభద్ర దిగువ కాలువ కాగితం మీద మా తాలూకాలన్నిటికీ నీళ్లిస్తుంది. చివరి భూముల దాకా ఆ నీళ్లు సరిగా వచ్చిన ఏడు అరుదు. వాన మీద నమ్మకం పెట్టుకొని పత్తి వేస్తే ఒక ఏడు ఎండిపోతుంది, ఒక ఏడు కాయ పగిలే వేళకు వాన కురిసి నల్లబడుతుంది. 2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఊళ్లల్లో అందరూ టీవీల ముందే కూర్చున్నారు. నీళ్లు ఏట్లో కలిసిపోతుంటే, ఈసారి సుగ్గికి ఎంతమంది పోవాలో ఇళ్లల్లో అప్పుడే లెక్కలు మొదలయ్యాయి.

కొత్త మనుషులు ఊరి మీద పడితే కలిగే కంగారు ఉరుకుందకు కొత్త కాదు. శ్రావణమాసంలో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి లక్షల మంది మా చిన్న ఊరికి వస్తారు. సోమవారం, గురువారం అయితే కాలు పెట్టే సందుండదు. ముందు రాత్రే వచ్చి మా అరుగుల మీద, ఇళ్ల ముందు, చేలగట్ల మీద ఎక్కడ జాగా దొరికితే అక్కడ పడుకుంటారు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి స్వామికి నైవేద్యం వండుకుంటారు. వాళ్లలో జేబుదొంగలూ ఉంటారు, మెడలో గొలుసు తెంపేవాళ్లూ ఉంటారు. అందుకే మేమూ కళ్లు తెరుచుకునే ఉంటాం, పోలీసులూ ఉంటారు. కానీ ఆ నెలంతా మా ఊళ్లో మైకు ఆగదు. ఫలానా ఊరి ఫలానా వాళ్ల పాప తప్పిపోయింది, పచ్చగౌను వేసుకుంది, కనిపిస్తే గుడి దగ్గరికి తీసుకురండి అని చెబుతూనే ఉంటుంది. వచ్చినవాళ్లది ఏ ఊరో, వాళ్ల బిడ్డ పేరేమిటో అట్లా ఊరంతటికీ తెలుస్తుంది. తప్పిపోయిన పిల్లను ఎక్కువసార్లు మొదట గుర్తుపట్టేది ఆ అరుగుల మీద కూర్చొని వచ్చేపోయేవాళ్లను గమనించే ముసలోళ్లే.

మీ పల్లెల్లో మాకు అట్లాంటి మైకు ఉండదు. చూపు ఉంటుంది, పేరు ఉండదు. అక్కడే అసలు చిక్కంతా.

నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటుంది. ఊరి పేరు చెప్పను, ఇన్నేళ్ల తర్వాత చెప్పి ప్రయోజనం లేదు. ఎవరిదో బోరు దగ్గర మోటారు కేబులు కోసుకుపోయారు. మగవాళ్లు కర్రలు పట్టుకొని టార్చి లైట్లతో వచ్చారు. మమ్మల్ని బయట నిలబెట్టి గుడారాల్లోని మూటలన్నీ విప్పారు. చీరలు, దుప్పట్లు, కొర్రబియ్యం, చెనక్కాయల పొడి డబ్బా, ఈరన్నస్వామి పటం, నా నోటుపుస్తకం. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నపిండి సంచిలో కేబులు దాచామేమోనని దాన్ని నేల మీద కుమ్మరించారు. ఏమీ దొరకలేదు, వెళ్లిపోయారు. మా అమ్మ తెల్లారి కూర్చొని ఆ పిండిని ఎత్తి జల్లెడ పట్టింది. పైపైన ఉన్నది వచ్చింది, అడుగున ఉన్నది మట్టిలో కలిసిపోయింది. మీ అంగళ్లలో జొన్నపిండి దొరకదు. రొట్టె లేని పూట మా పెద్దవాళ్లకు తిన్నట్టే ఉండదు. ఆ కేబులు ఎవరు తీశారో ఎప్పటికీ తెలియలేదు. మేం తీశామని ఎవరూ రుజువు చేయలేదు, మేం కాదని ఎవరూ వచ్చి చెప్పలేదు. కోత అయిపోయే దాకా మా నాయిన ఆ ఊరి టీకొట్టు గడప తొక్కలేదు.

అదే జిల్లాలో ఇంకో ఊరి సంగతి కూడా చెప్పాలి. ఊరి చివరి ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. మేం చేనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అరుగు మీద కూర్చొని ఒక్కొక్కరినీ చూస్తూ వేళ్ల మీద లెక్కపెట్టేది. మా అమ్మకు ఒళ్లు మండేది. "ఏమన్నా ఎత్తకపోతామని లెక్క పెడతాదే ఈయమ్మ" అని సణిగేది. ఆ ఏడు మా చిన్నమ్మకు నెలలు నిండుతున్నాయి, అయినా కోతకు వస్తుండేది. ఒకరోజు నడుం నొప్పిగా ఉందని గుడారంలోనే ఉండిపోయింది. అందరం చేలో ఉన్నాం. మధ్యాహ్నానికి ఆ పెద్దావిడ కర్ర పట్టుకొని గుడారాల దగ్గరికి నడిచి వచ్చిందట. "నిన్న నడుం పట్టుకు నడిచిన పిల్ల ఇవాళ పోలేదేంటా అని వచ్చా" అన్నదట. అప్పటికే చిన్నమ్మకు నొప్పులు మొదలై, పిలవడానికి మనిషి లేక నేల మీద కూర్చొని ఉంది. పెద్దావిడ మనవణ్ణి పరుగెత్తించి ఆటో తెప్పించింది, తానే పక్కన కూర్చొని ఆసుపత్రికి తీసుకుపోయింది. తల్లీబిడ్డా దక్కారు. ఆ తర్వాత కూడా ఆమె మమ్మల్ని లెక్కపెట్టడం మానలేదు. మా అమ్మ మాత్రం అరుగు దగ్గరికి రాగానే, "అందరం ఉండామవ్వా" అని తానే చెప్పేది.

చూడకండి అని మిమ్మల్ని అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. అసలు ఊరంటేనే చూసుకోవడం. సుగ్గికి వచ్చినప్పుడు ఉరుకుందలో మా ఇంటి తాళం మీద చెయ్యి పడకుండా చూసేది ఎదురింటి అవ్వే. వానొస్తే కిటికీ సందులో గోనె కుక్కేది ఆమే. వలస పోని ముసలోళ్ల పొయ్యి వెలిగిందో లేదో పక్కింటివాళ్లు తొంగి చూస్తారు. మూడు నెలలు వీధికి వీధి ఖాళీ అయినా మా ఊళ్లు నిలబడుతున్నాయంటే ఆ కళ్ల చలవే. మీ ఊరి కళ్లు కూడా మమ్మల్ని అట్లా చూడాలని అడుగుతున్నాను.

పేరు తెలియకుండా చూసే చూపు ఎంత దూరం పోతుందో మన నేల మీదే చూశాం. గుడారంలో బతికేవాడు దొంగే అన్న అనుమానం ఒకప్పుడు చట్టమే అయింది. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. మీ బాపట్ల పక్కనున్న స్టూవర్టుపురం అట్లా పుట్టిన ఊరే. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికిన ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. హాజరు పలకాలి, చీటీ లేనిదే పొలిమేర దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయినా ఆ కట్టుబాట్లు తప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. ఊరి పేరుకు అంటించిన మచ్చ పోవడానికి మాత్రం తరాలు పట్టింది, సినిమాలు దాన్ని ఇంకా కెలుకుతూనే ఉన్నాయి.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త మొహం, కొత్త యాస కనిపిస్తే చాలు పట్టుకొని కొట్టారు. ప్రాణాలు పోయాయి. ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూళె జిల్లా రైన్‌పాడాలో అడుక్కొని బతికే సంచారజాతి మనుషులు ఐదుగురిని ఊరంతా చేరి చంపేశారు. మా యాస కూడా మీకు కొత్తే. మా మాటలో కన్నడం కలిసి ఉంటుంది, గబగబా మాట్లాడుకుంటే మీకు సగం అర్థం కాదు. అట్లాంటి పుకారు ఇంకోసారి లేస్తే మా గుడారాల దగ్గరికి ముందు వచ్చేదెవరు, వచ్చినవాళ్లకు ఎదురు నిలబడి "వీళ్లు నాకు తెలుసు" అని చెప్పేదెవరు? సర్పంచ్ గారూ, నా మనసులో ఉన్న అసలు భయం ఇదే.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మావాళ్లు ఎంతోమంది మీ చేలల్లోనే చిక్కుకుపోయారు. చేనుగల రైతులు కొందరు బియ్యం, పప్పు ఇచ్చి ఆదుకున్నారు, అది మరిచిపోయేది కాదు. ఎట్లాగో ఇంటిదారి పట్టినవాళ్లకు ఊరూరి పొలిమేరలో ముళ్లకంపలు అడ్డం పడ్డాయి. తీరా సొంత మండలానికి చేరితే అక్కడా అదే. గుంటూరు నుంచి వచ్చిరంట అని తెలిసిన మొహాలే దూరం జరిగాయి. పుట్టి పెరిగిన వీధిలో మనిషిని కొత్తవాణ్ణి చేయడానికి ఒక భయం చాలని మేం ఆ ఏడు చూశాం. అందుకే మీ ఊరివాళ్ల మీద నాకు కోపం లేదు. ముందే చేసి పెట్టుకోవాల్సిన ఏర్పాటు ఒకటి లేదని బాధ మాత్రం ఉంది.

రాష్ట్రం దాటి పోయే కూలీల కోసం 1979లోనే ఒక చట్టం వచ్చింది. పేర్లు నమోదు చేయాలి, వసతి చూపాలి, దారి ఖర్చులివ్వాలి అని అందులో రాశారు. మా ఇంటి నుంచి మీ చేను దాకా రాత్రంతా ప్రయాణమైనా మేం రాష్ట్రం దాటం కాబట్టి ఆ చట్టం మాకు అక్కరకు రాలేదు. ఊళ్లో ఓటరు జాబితాలో ఉంటాం, మీ ఊళ్లో ఏ పుస్తకంలోనూ ఉండం. పంచాయతీ తలుచుకుంటే ఈ లోటు ఒక్క సాయంత్రంలో తీరుతుంది.

గుడారాలు పడిన రోజునో మరునాడో మేస్త్రి వచ్చి మా పేర్ల జాబితా మీకు ఇస్తాడు. మీరు, మీ ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు, ఒక్కసారి గుడారాల దగ్గరికి రండి. పెద్దవాళ్లను పేరు పెట్టి పలకరించండి. ఫలానా రైతు చేలో కోతకు ఫలానా ఊరి నుంచి ఇంతమంది వచ్చారు, కోత అయ్యే దాకా మన ఊళ్లోనే ఉంటారని గుడి మైకులోనో, పంచాయతీ మైకులోనో చెప్పించండి. అంతకు మించి సభలేమీ అక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా అడుగుతున్నాను. ఆ జాబితా పంచాయతీ దగ్గరే ఉండాలి. దాన్ని హాజరు పుస్తకం చేయొద్దు. పైన స్టూవర్టుపురం గురించి అందుకే రాశాను.

ఊళ్లో ఏదైనా పోయిందనుకోండి, మమ్మల్ని అడగొద్దని అనను. పగటిపూట అడగండి. మేస్త్రిని పిలిచి, ఊరి పెద్ద ఒకరు ఉండి, మా ఆడవాళ్ల ముందు మీ ఆడవాళ్లు ఒకరు నిలబడి అడిగితే మూటలు మేమే విప్పి చూపిస్తాం. రాత్రి లైట్లతో చుట్టుముట్టే కుర్రాళ్లకు ఈ మాట మీరు చెబితేనే ఎక్కుతుంది.

చీకటి గురించి కొంచెం ఎక్కువ రాయాలి. మా ఆడవాళ్లు పగలంతా బయటికి పోకుండా ఓర్చుకుంటారు. తక్కువ నీళ్లు తాగుతారు. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో, మిరపచేలో, తక్కువ నీళ్లు తాగి పనిచేయడమంటే ఏమిటో మీరే ఊహించండి. తెల్లవారుజామున నలుగురైదుగురు కలిసి కంపచెట్ల మాటుకు పోతారు. ఆ వేళకే పొలాలకు నీళ్లు కట్టడానికి పోయేవాళ్లూ, బండ్ల మీద తిరిగేవాళ్లూ ఉంటారు. కొందరు చూసీ చూడనట్టు పోతారు, కొందరు కావాలనే బండి ఆపుతారు. కూలి బాకీ గురించి రైతును నిలదీసే మా ఆడవాళ్లు ఈ విషయం మాత్రం ఎవరికీ చెప్పరు, మొగుళ్లకు కూడా చెప్పరు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం తాగునీరు, వీధిదీపాలు, పారిశుధ్యం చూసుకోమని పంచాయతీకి చెప్పింది. గుడారాల దారిలో ఒక్క దీపం వేయించండి. పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి దగ్గరో ఉన్న మరుగుదొడ్లు రాత్రీ తెల్లవారుజామూ తెరిచి ఉంచండి, శుభ్రం చేసుకునే పని మా ఆడవాళ్లే వంతులేసుకుంటారు. చేను ఇచ్చిన రైతుతో చెప్పి నాలుగు తడికలు కట్టించినా చాలు. కొళాయి దగ్గర మాకు ఒక వేళ చెప్పండి, అది ఎంత పొద్దున్నే అయినా సరే.

మిగతావి మీ ఊళ్లో ఇప్పటికే ఉన్నవే, మా దాకా రావడం లేదంతే. రేషన్ కార్డు మా ఊరిదైనా మీ డిపోలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు, ఆ మాట డీలరు తనంతట తాను చెబితే సగం గొడవ తీరుతుంది. అంగన్‌వాడీలో చిన్నపిల్లల పేర్లు రాయించండి. మా జిల్లాలో వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతారు, వాటిలో చేరిన పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకుంటారు. చేరని పిల్లలు మాతోనే వస్తారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ సర్టిఫికెట్ లేదని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు. మూడు నెలలే కదా అనుకోకుండా కూర్చోనివ్వండి. మధ్యాహ్నం భోజనం ఒక్కటే కాదు, ఆ మూడు నెలల్లో మీ పిల్లలూ మా పిల్లలూ ఒకరి పేర్లు ఒకరు నేర్చుకుంటారు. గ్రామ సచివాలయంలోని ఏఎన్ఎం వారానికోసారి గుడారాల వైపు వస్తే, మా చిన్నమ్మ లాంటి మనిషికి అరుగు మీది పెద్దావిడే దిక్కు కానక్కర్లేదు.

మా వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. వంటచెరకు కోసం గట్ల మీది చెట్లు అడక్కుండా కొడతారని మీ రైతులు కోప్పడతారు, అది నిజమే. ఏ చెట్టు కొట్టొచ్చో చూపిస్తే మిగతావాటి జోలికి పోం. కూలి లెక్క తేలిన రాత్రి తాగి కేకలు వేసేవాళ్లు మాలో ఉన్నారు. అట్లాంటివాణ్ణి మేస్త్రి మరునాడే ఊరికి పంపించేయాలని ఈసారి మావాళ్లతో మాట్లాడి ఒప్పించాను. పోయేటప్పుడు గుడారాల జాగా ఊడ్చి, చెత్త తగలబెట్టి పోవాలని కూడా అనుకున్నాం. కాలవ నీళ్లలో బట్టలు ఉతకొద్దంటే ఉతకం, ఎక్కడ ఉతకాలో చెప్పండి.

ఈ సుగ్గికి నా అంగట్లో ఒక కాగితం తయారుచేశాను. బయలుదేరే ప్రతి గుంపుకీ ఒకటి నింపి ఇస్తున్నాను, డబ్బులు తీసుకోవడం లేదు. పేరు, ఊరు, వయసు, రేషన్ కార్డు నంబరు రాస్తాం. నెలలు నిండినవాళ్లెవరు, ఐదేళ్లలోపు పిల్లలెందరు, షుగరుకో ఫిట్స్‌కో మందులు వాడేవాళ్లెవరు అన్నది పక్కన రాస్తాం. చివరి గడిలో ఊళ్లో ఉండిపోయిన ముసలోళ్ల ఫోను నంబరు ఉంటుంది. ఇక్కడ వాళ్లకేమైనా అయితే మాకు చెప్పడానికి, అక్కడ మాకేమైనా అయితే వాళ్లకు చెప్పడానికి. మేస్త్రి ఈ కాగితం రెండు కాపీలు తెస్తాడు. ఒకటి మీరు ఉంచుకోండి, రెండోదాని మీద సంతకం పెట్టి అతనికివ్వండి.

కాగితం వెనక పక్క ఖాళీ వదిలాను. అది మీరు రాయాల్సింది. ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, రేషను డీలరు, సచివాలయంలోని మహిళా పోలీసు, వాళ్ల పేర్లు, ఫోను నంబర్లు. అందరికంటే కింద, అర్ధరాత్రి ఫోను చేసినా ఎత్తి, గుడారాల దాకా నడిచి రాగల మనిషి పేరు ఒకటి రాయండి. అది మీ పేరే అయితే మావాళ్లు ఇంకాస్త ధైర్యంగా లారీ ఎక్కుతారు.

ఇట్లు,
సుగ్గి కుటుంబంలో పుట్టినవాడు,
ఉరుకుంద, కౌతాళం మండలం, కర్నూలు జిల్లా.